ఒకే బల్ల, రెండు ఉద్యోగాలు: గది సర్దడానికి కొన్నవాటిలో ఏది నిలిచింది, ఏది అటకెక్కింది

ఆఫీసుకి పంపాల్సిన సంతకం కాగితం ఒకటి నా చేతుల్లోనే గులాబీ పువ్వయిపోయింది. పొద్దున ప్రింటు తీసి, సంతకం పెట్టి, తర్వాత స్కాన్ చేద్దాంలే అని కటింగ్ మ్యాట్ మీద వదిలేశాను. సాయంత్రం అదే మ్యాట్ మీద క్విల్లింగ్ కోసం, అంటే సన్నటి కాగితపు పట్టీలు చుట్టి పువ్వులూ అవీ చేసే పని కోసం, కాగితాలు 5 మిల్లీమీటర్ల పట్టీలుగా కోస్తూ, అడుగున ఏముందో చూడకుండా దొంతర మొత్తానికి స్కేలు పెట్టి బ్లేడు లాగాను. రెండు రోజుల తర్వాత మేనేజరు "ఆ కాగితం ఏమైందండీ?" అని అడిగితే గదంతా తలకిందులు చేశాను. చివరికి కనిపెట్టింది మా అమ్మాయి. "అమ్మా, ఈ రేకు మీద నీ సంతకం ఉంది చూడు" అంది. సగమే ఉంది. మిగతా సగం పక్క రేకులో ఉంది.

గది సర్దాలని అంతకుముందు రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. ఆ పువ్వు చూశాక నిజంగా మొదలుపెట్టాను. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. ఈలోగా కొన్నవి, పారేసినవి, ఒకరోజుకి పిలిపించుకున్న మనిషి, అన్నిటి గురించీ రాస్తున్నాను. సర్దడానికి కొన్నవాటి కంపెనీల పేర్లు రాయడం లేదు. ఇలాంటివి పదిమంది తయారుచేస్తారు, మంచిచెడ్డలు అన్నిట్లోనూ దాదాపు ఒకటే.

మా గది 10 అడుగులు బై 11 అడుగులు. ఒక కిటికీ, ఒక బీరువా, 5 అడుగుల బల్ల. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ బల్ల ఆఫీసుది. ఒక కంపెనీకి జీతాల లెక్కలు సరిచూడటం నా పని. నెలాఖరు వారం తల ఎత్తడానికి ఉండదు. ఆరు దాటితే అదే బల్ల మీద ఎంబ్రాయిడరీ, కుట్టు మిషన్, క్విల్లింగ్, అప్పుడప్పుడు పూసల పని. సమస్య చోటుది అనుకునేదాన్ని. కాదని తెలియడానికి ఫోనులో టైమరు పెట్టాల్సి వచ్చింది. ఆఫీసు సరంజామా తీసి కుట్టు సరంజామా పరచడానికి ఆ రోజు 25 నిమిషాలు పట్టింది. మళ్లీ పొద్దున తీయడానికి ఇంకో 25. అంత ఓపిక ఎవరికుంటుంది? అందుకే ఏదీ తీసేదాన్ని కాదు. కీబోర్డు పక్కనే గ్లూ గన్, మౌస్ ప్యాడ్ కింద బట్ట ముక్కలు, ఎంటర్ బటన్ కింద ఒక ఆకుపచ్చ పూస. ఆ పూస వల్ల ఎంటర్ నొక్కిన ప్రతిసారీ టక్‌మని చప్పుడు. కాబట్టి ఈ సమీక్షలో నా తూకం ఒక్కటే: కొన్న వస్తువు ఆ 25 నిమిషాల్లో ఎన్ని తగ్గించింది?

మొదట కొన్నవి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు, పన్నెండు. తప్పు అక్కడే చేశాను. ఏం ఉంచుకోవాలో, ఏం తీసేయాలో తేల్చకముందే డబ్బాలు వచ్చేశాయి. డబ్బా ఖాళీగా కనిపిస్తే నింపాలనిపిస్తుంది, నింపాక సర్దేశామనిపిస్తుంది. పైగా నేను తీసుకున్నవి పాలరంగువి. బయటినుంచి చూస్తే లోపల ఏదో ఉందని తెలుస్తుంది గానీ ఏముందో తెలియదు. ఆరు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పెట్టాను. నాకు కావలసింది ఎప్పుడూ అట్టడుగు దాంట్లోనే ఉండేది. రెండు నెలల్లో పై డబ్బా మూత మీదే కొత్త గుట్ట మొదలైంది. డబ్బాల నాణ్యతకి వంక పెట్టను, మూతలు గట్టిగానే పట్టాయి. నా పనికి మాత్రం అయిదుకి ఒకటిన్నర. ఇప్పుడు వాటిలో నాలుగే గదిలో ఉన్నాయి, అవీ ఏడాదికోసారి తీసేవాటికి.

తర్వాత మా ఆయన చెప్పిన చిట్కా పనికొచ్చింది. ఆయన ఫ్యాక్టరీలో పనిచేస్తారు. అక్కడ 5ఎస్ అని జపాన్ వాళ్ల పద్ధతి ఒకటి ఉంది: సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే. మొదటిది ఏరివేయడం, రెండోది దేని చోట్లో దాన్ని పెట్టడం, మూడోది శుభ్రం చేయడం, నాలుగోది ఆ మూడూ ఒక పద్ధతిలో పెట్టడం, అయిదోది దాన్ని రోజూ తప్పకుండా పాటించడం. "నువ్వు మొదటిది వదిలేసి రెండోదానికి పోయావు" అన్నారు. ఆయన్ని మెచ్చుకోవడం నాకంత ఇష్టం ఉండదు గానీ మాట నిజమే. వాళ్ల దగ్గర అవసరమో కాదో తేలని వస్తువుకి ఎర్ర చీటీ కట్టి, తేదీ వేసి, ఒక పక్కన పెడతారట. గడువులోగా ఎవరూ వెతుక్కుంటూ రాకపోతే బయటికి. ఎర్ర చీటీలు లేక నేను ఎర్ర ఊలు కట్టాను. గడువు 90 రోజులు.

ఒక ఆదివారం మొత్తం నేల మీద పోశాను. కాలు తీసి కాలు పెట్టే చోటు లేదు. కత్తెరలు తొమ్మిది. ఒకే నంబరు సూదుల ప్యాకెట్లు నాలుగు. ఇంట్లో ఉన్నాయని మర్చిపోయి, దొరక్క, మళ్లీ మళ్లీ కొన్నవి. గ్లూ గన్‌లో పెట్టే కడ్డీలు ఒక సంచీడు, వాటిలో సగం 11 మిల్లీమీటర్లవి. నా గన్‌కి పట్టేది 7 మిల్లీమీటర్లవే. ఎండిపోయిన ఫ్యాబ్రిక్ పెయింట్లు పదిహేడు. ఇన్‌స్టంట్ గ్లూ ట్యూబులు అయిదు, అయిదూ లోపలే రాయిలా గట్టిపడిపోయాయి. ఆ గ్లూ గాలిలోని తేమ తగిలితే గట్టిపడుతుంది, మూత సరిగా పెట్టకపోతే అంతే సంగతులు. ఇవి పారేయడానికి ఆలోచన అక్కర్లేదు, అరగంటలో రెండు సంచులు నిండాయి. ఆఫీసు వైపు ఇంకా తేలిక. ఏ ఫోనువో తెలియని చార్జర్లు, పనిచేయని మౌస్‌లు, మూడేళ్ల నాటి డైరీలు. కాగితాల్లో దాచాల్సినవి ఒక్క ఫైలుకి మించలేదు.

చిక్కల్లా సగంలో ఆగిన పనుల దగ్గర. లెక్కపెడితే పద్నాలుగు. ఒక క్రాస్ స్టిచ్ పిల్లి ఉంది, ఒంటి చెవి పిల్లి. రెండో చెవి కుట్టలేదు, కుట్టే ఉద్దేశమూ లేదు, అయినా చెయ్యి రాలేదు. డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు 1990లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. కొందరు విద్యార్థులకి కాఫీ మగ్గులు ఇచ్చి, ఎంతకైతే అమ్ముతారని అడిగారు. మగ్గు చేతికొచ్చినవాళ్లు, రానివాళ్లు కొంటామన్న ధరకి రెట్టింపు దాకా అడిగారు. అంతసేపూ కళ్లముందున్న మామూలు మగ్గే. ఊరికే చేతికొచ్చిన మగ్గుకే అంత మమకారమైతే, నేను నలభై గంటలు కూర్చుని కుట్టిన పిల్లి సంగతి చెప్పాలా? అందుకని పద్నాలుగింటికీ ఎర్ర ఊలు కట్టి బీరువా పైన పెట్టాను. 90 రోజుల్లో నేను కిందికి దించినవి మూడు. పిల్లి వాటిలో లేదు. గుడ్డ తీసేసి, దారాలు విప్పి, చట్రం మాత్రం ఉంచుకున్నాను.

ఇక ఒకరోజుకి పిలిపించిన మనిషి విషయం. ఇళ్లు, ఆఫీసులు సర్దిపెట్టే సేవ ఒకటుంటే నాలుగు గంటలకి మాట్లాడుకున్నాను. వచ్చినావిడ మంచి మనిషి, పనిలో వేగం, అలుపు లేదు. నేల మీద ఉన్న కుప్పని రెండు గంటల్లో వర్గాలుగా విడగొట్టింది. "ఈ వస్తువు పోతే మళ్లీ కొంటారా?" అని ప్రతిదానికీ అడిగింది. ఆ ప్రశ్న నాకిప్పటికీ పనికొస్తోంది. వైర్లన్నీ బల్ల వెనక ఒకే పట్టీలో కట్టి, మళ్లీ కాలికి తగలకుండా చేసింది. అంతవరకు అయిదుకి అయిదు.

తర్వాత నా ఎంబ్రాయిడరీ దారాల దగ్గరికి వచ్చింది. వాటి సంగతి తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. డీఎంసీ అనే కంపెనీ దారం ఒక్కో లచ్చి 8 మీటర్లు ఉంటుంది, ఆరు పోగులు కలిసి ఉంటాయి, రంగులు 500. ప్రతి రంగుకీ ఒక నంబరు, ఆ నంబరు లచ్చికి చుట్టిన కాగితపు పట్టీ మీద ఉంటుంది. 310 అంటే నలుపు. ఎంబ్రాయిడరీ చేసేవాళ్లకి అది ఫోను నంబరు కంటే బాగా గుర్తుంటుంది. డిజైన్ కాగితంలో రంగు పేరు చూసుకోం, నంబరే చూసుకుంటాం. ఆవిడ ఏం చేసిందంటే, పట్టీలు చూడటానికి బాగోలేవని తీసేసి, దారాలన్నీ ఇంద్రధనుస్సులా రంగుల వరసలో పేర్చింది. ఫొటో తీస్తే అద్భుతంగా ఉంది, నేనూ తీసుకున్నాను. ఆవిడ వెళ్లాక తెల్లవాటి దగ్గర చూసుకున్నాను. నా దగ్గరున్న తెలుపులు మూడు రకాలు: బ్లాంక్ అనే మామూలు తెలుపు, బి5200 అనే మంచు తెలుపు, ఎక్రూ అనే గోధుమ ఛాయ తెలుపు. ఎక్రూ ఎలాగో పట్టుకోవచ్చు. మిగతా రెండూ పట్టీ లేకపోతే రాత్రి దీపం కింద కవలపిల్లలే. ఆ రెండింటినీ కలిపి ఒకే గడిలో పెట్టింది.

మూడు పొద్దుటిపూటలు కిటికీ దగ్గర కూర్చుని విడదీశాను. ఒక్కొక్క లచ్చినీ నల్లటి గుడ్డ మీద పరిచి, పక్కన కొత్తగా కొన్న బి5200 పెట్టి పోల్చడం. మంచు తెలుపు కాస్త నీలంగా మెరుస్తుంది, మామూలు తెలుపు మెత్తగా ఉంటుంది. అయిదు లచ్చీల తర్వాత కళ్లు రెండూ ఒకటేనంటాయి. లేచి బయటికి చూసి, మళ్లీ కూర్చోవడం. మిగతా రంగులకి నంబర్ల కార్డు తెచ్చి పోల్చాను, ఇంకా ఓ ఇరవై దాకా తేలనివి ఉన్నాయి. ఆవిడకి ఫోన్ చేస్తే "అయ్యో, నాకు తెలియదండీ, చెప్పాల్సింది" అంది. చెప్పాల్సిందే. ఆ గంటలో నేను పక్కగదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నాను. ఆ సేవకి నా మాట: ఆఫీసు సగాన్ని నిశ్చింతగా అప్పగించండి, చేతిపని సగం దగ్గర మాత్రం మీరు పక్కనే కూర్చోండి. అయిదుకి మూడు.

ఇప్పుడు అసలు విషయం, ట్రాలీ. మూడు అరలు, నాలుగు చక్రాలు, ఇనుప బుట్టల్లాంటిది. ఇలాంటివి స్నానాల గదుల్లోనూ బ్యూటీ పార్లర్లలోనూ చూసే ఉంటారు. నేను రెండు కొన్నాను, ఒకటి ఆఫీసుకి, ఒకటి క్రాఫ్ట్‌కి. ఇది కూడా ఫ్యాక్టరీ బుర్రే: షిఫ్టు మారినట్టు ఆరింటికి ఆఫీసు ట్రాలీ మూలకి పోతుంది, క్రాఫ్ట్ ట్రాలీ బల్ల పక్కకి వస్తుంది. డబ్బాల్లోంచి వస్తువులు ఏరుకోవడం, మళ్లీ లోపల పెట్టడం ఏమీ లేదు. ఆఫీసు ట్రాలీ పై అరలో కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్; రెండో అరలో ఆ నెల ఫైళ్లు, క్యాలిక్యులేటరు; కింద చిన్న ప్రింటరు. క్రాఫ్ట్ ట్రాలీ పై అరలో ఇప్పుడు చేస్తున్న పని ఒక్కటే, రెండోది పెట్టనివ్వను. మధ్య అరలో దానికి కావలసిన దారాలు, సూదులు. కింద బరువైనవి: గ్లూ గన్, రంగులు, గుడ్డల కట్ట. బరువు కిందే ఉండాలి. మొదట్లో బరువంతా పైన పెడితే, గడప దాటించేటప్పుడు బండి ముందుకి ఒరిగింది. పట్టుకోకపోతే పూసల డబ్బా మొత్తం నేలపాలయ్యేది.

లోపాలు లేవని కాదు. బిగించేటప్పుడు ఒక్కో స్క్రూని పూర్తిగా తిప్పేశాను, మూడో అర దగ్గరికి వచ్చేసరికి చిల్లులు ఎదురెదురుగా రాలేదు. మొత్తం విప్పి, అన్ని స్క్రూలూ సగం దాకా పెట్టి, బండి నిటారుగా నిలబెట్టి, అప్పుడు వరసగా బిగిస్తే సరిగ్గా కూర్చుంది. రెండో ట్రాలీ పదిహేను నిమిషాల్లో అయిపోయింది. అరల అడుగు జాలీలాగా ఉంటుంది. గుండుసూదులు, పూసలు, బాబిన్లు అందులోంచి జారిపోతాయి. నేను ఫెల్టు గుడ్డ కోసి పరిచాను. కొనే ముందు చూడాల్సిన కొలత ఇంకొకటుంది: పట్టుకునే పిడి ఎత్తు. నాది 78 సెంటీమీటర్లు, బల్ల అడుగు నేలకి 71. ట్రాలీ బల్ల కిందికి పోతుందని ఊహించుకున్నదాన్ని కదా, మూలకే పరిమితమైంది.

చక్రాల సంగతి ఎవరూ చెప్పరు, కాబట్టి నేను చెప్తాను. క్రాఫ్ట్ గది నేల మీద ఎంత ఊడ్చినా దారపు ముక్కలు ఉంటాయి. అవి చక్రం ఇరుసుకి చుట్టుకుంటాయి. మూడు నెలలకి ఒక చక్రం తిరగడం మానేసి గీసుకుంటూ ఈడ్చుకొచ్చింది. బండి తలకిందులుగా పెట్టి చూస్తే, ఇరుసు చుట్టూ వేలెడు మందాన దారాల కట్ట, మధ్యలో నా జుట్టు, ఎర్ర ఊలు, ఒక మెరుపు తీగ. కత్తెర మొన పట్టలేదు. కుట్లు విప్పే సీమ్ రిప్పర్‌తో ఒక్కో పోగూ తెంపుతూ లాగితే, చిన్న ఉంగరంలా గుండ్రంగా మొత్తం ఊడొచ్చింది. మా అమ్మాయి ఫొటో తీసి, "గదికి జడ వేశావా?" అంది. ఇప్పుడు నెలకోసారి, జీతాల లెక్కలు పంపిన మర్నాడు, రెండు బండ్లనీ తిరగేసి శుభ్రం చేస్తాను. అయిదు నిమిషాల పని. ఇన్ని చెప్పాక కూడా ట్రాలీకి అయిదుకి నాలుగున్నర ఇస్తున్నాను. 25 నిమిషాలు ఇప్పుడు 6 అయ్యాయి, అందులో చాలావరకు దాని పుణ్యమే.

25ని ఆరు చేసిన పుణ్యంలో ఇంకో వాటా మానిటర్ ఆర్మ్‌కి, అంటే మానిటర్ని పట్టుకుని అటూఇటూ జరిగే చేతికి. దాన్ని బల్ల అంచుకి బిగించి, మానిటర్ వెనకాల నాలుగు స్క్రూలు పెడతారు. చాలా మానిటర్లకి ఆ చిల్లుల మధ్య దూరం 100 లేదా 75 మిల్లీమీటర్లు ఉంటుంది. కొనేముందు స్కేలు పెట్టి చూసుకోండి, చిల్లులే లేని మానిటర్లూ ఉన్నాయి. బల్ల గోడకి ఆనుకుని ఉంటే బిగించే పట్టుకి చోటు చాలదు, నేను బల్లని అరచేయంత ముందుకి జరిపాను. మానిటర్ని గోడవైపు తోసేస్తే బల్ల మొత్తం ఖాళీ. కుట్టు మిషన్ మాత్రం ట్రాలీ ఎక్కించను. మా మిషన్ 7 కిలోలు, బీరువా నడుమెత్తు అరలోంచి నేరుగా బల్ల మీదికి తీస్తాను.

పెగ్‌బోర్డు గురించి నాకు రెండు మనసులున్నాయి. చిల్లుల పలక గోడకి బిగించి, కొక్కేలు పెట్టి సామాను వేలాడదీయడం. చిల్లులు సాధారణంగా అంగుళం దూరంలో ఉంటాయి. పలక వెనక కాస్త ఖాళీ ఉండాలి, లేకపోతే కొక్కెం వంపు లోపలికి పోదు. నేను మొదటిసారి పలకని గోడకి అతికించినట్టు బిగించి, ఒక్క కొక్కెమూ ఎక్కక, మళ్లీ విప్పి వెనక అరంగుళం చెక్క ముక్కలు పెట్టాను. వస్తువు తీసినప్పుడల్లా కొక్కెం కూడా చేతికొచ్చేస్తోంది. చిల్లు పెద్దది, కొక్కెం సన్నది. కొక్కెం చిల్లులో దూరే చోట గ్లూ గన్‌తో ఒక చుక్క వేస్తే ఆగింది. ఇంకో ఇబ్బంది, వీడియో కాల్‌లో ఇది నా వెనకే కనిపిస్తుంది. కొత్తగా చేరిన ఒకాయన "మీరు వర్క్‌షాప్ నుంచి మాట్లాడుతున్నారా?" అని అడిగారు. అవుననేశాను.

కానీ పెగ్‌బోర్డుని నిలబెట్టింది మళ్లీ మా ఆయన పద్ధతే. వాళ్ల దగ్గర పనిముట్ల బోర్డు మీద ఒక్కో పనిముట్టు ఆకారం గీసి రంగు వేస్తారు. పనిముట్టు లేకపోతే ఆ నీడ ఖాళీగా కనిపిస్తుంది, ఏది లేదో వెతకక్కర్లేదు. మా బోర్డు మీద కత్తెర, స్కేలు, రోటరీ కట్టర్, మొన విరిచే బ్లేడు కత్తి, అన్నిటి చుట్టూ మార్కర్‌తో గీశాను. తొమ్మిది కత్తెరల్లో మూడే ఉంచాను: గుడ్డకి ఒకటి, కాగితానికి ఒకటి, దారం తెంపే చిన్నది ఒకటి. గుడ్డ కత్తెరకి నారింజరంగు పిడి. ఆ రంగుకి ఒక కథ ఉంది. 1967లో ఫిన్లండ్‌లో ఫిస్కార్స్ అనే కంపెనీ వాళ్లు ప్లాస్టిక్ పిడి కత్తెర తయారుచేసేటప్పుడు, అంతకుముందు రసం తీసే పరికరాలకి వాడిన నారింజ ప్లాస్టిక్ యంత్రంలో మిగిలి ఉంటే దాంతోనే నమూనా పోశారట. అదే నచ్చి అలాగే ఉండిపోయింది. నాకు అంతకంటే ముఖ్యం, దూరం నుంచి కనపడుతుంది. ఆ కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుంది, ఆ తర్వాత గుడ్డని నమలడమే తప్ప కోయదు. ఇంట్లో ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

కటింగ్ మ్యాట్ కూడా ఇప్పుడు పెగ్‌బోర్డు మీదే, రెండు క్లిప్పులకి వేలాడుతుంది. ఆఫీసు వేళల్లో అది బల్ల మీద ఉండకూడదని ఇంట్లో చట్టం. ఎందుకో మొదటి పేరాలో చదివారు. ఒక జాగ్రత్త: మ్యాట్‌ని గోడకి ఆనించి నిలబెట్టకండి, ఎండ పడేచోట వదలకండి. వేడికి వంగిపోతుంది, ఒకసారి అల తిరిగాక మళ్లీ చదును చేయడం నా వల్ల కాలేదు.

లేబుల్ ప్రింటర్ గురించి త్వరగా ముగిస్తాను, కోపం వస్తుంది. ముచ్చటైన చిన్న మిషన్, ఫోనులో తెలుగులో టైపు చేస్తే తెలుగులోనే అచ్చు వేస్తుంది. ఒక సాయంత్రమంతా కూర్చుని అన్నిటికీ అతికించాను. ఇందులో ఇంకు ఉండదు, వేడికి నల్లబడే కాగితం మీద వేడితో రాస్తుంది. అంటే ఆ తర్వాత కూడా వేడి తగిలితే కాగితం నల్లబడుతుందన్నమాట. ఇస్త్రీ పెట్టె పక్కనున్న డబ్బా లేబులు ఒక్కరోజులో నల్లటి మచ్చయింది. కిటికీ వైపున్నవి దానికి ఉల్టా, అయిదు నెలల్లో వెలిసిపోయి తెల్లబడ్డాయి. రెంటి మధ్యన ఉన్నవి మాత్రం బాగున్నాయి. మాస్కింగ్ టేపు మీద మార్కర్‌తో రాసినవి ఎనిమిది నెలలుగా చెక్కుచెదరలేదు. ప్రింటరు కొనాలనే పట్టు ఉంటే ఇంకు రిబ్బనుతో అచ్చు వేసి, అక్షరాల మీద ప్లాస్టిక్ పొర ఉండే రకం చూడండి. నాదానికి అయిదుకి ఒకటి, ముద్దుగా ఉన్నందుకు.

గాలి తీసేసే సంచులు గుడ్డలకి బాగున్నాయి; అరబీరువా గుడ్డలు రెండు పలకల్లా అయ్యాయి. ఊలు ఉండలు మాత్రం పెట్టకండి. నాలుగు నెలల తర్వాత తీస్తే మెత్తదనం చచ్చిపోయి, అప్పడాల్లా చదునుగా ఉన్నాయి.

పారదర్శకంగా ఉండే లోతు తక్కువ ట్రేలు, ఏ4 కాగితం పట్టేంతవి, చివరగా కొన్నాను. ముందు కొనాల్సింది ఇవే. ఒక్క పొరగా పరుస్తాం కాబట్టి కింద దాక్కునే అవకాశం దేనికీ లేదు. ఒక ట్రే క్విల్లింగ్ పట్టీలకి, ఒకటి బట్ట ముక్కలకి. ఒకటి మాత్రం ఆఫీసుది, మీద మాస్కింగ్ టేపు అంటించి "సంతకం పెట్టినవి: కోయరాదు" అని రాశాను. నాలుగున్నర.

ఇప్పటికి లెక్క ఇది: పొద్దున 4 నిమిషాలు, సాయంత్రం 6. సాయంత్రం ఎక్కువ ఎందుకంటే వైరు చుట్టాలి, బల్ల తుడవాలి. నెలాఖరు వారం మాత్రం క్రాఫ్ట్ ట్రాలీ మూలలోంచి కదలదు, పైన దుమ్ము పడుతుంది. దానికి ఏ వస్తువూ మందు కాదు. ఎంటర్ బటన్ కింద పూస ఇంకా తీయలేదు. అలవాటైపోయింది.

ఇది రాయడం ఆపి అట్టపెట్టె కోసుకోవాలని తల ఎత్తి బోర్డు వైపు చూశాను. స్కేలు ఉంది, రోటరీ కట్టర్ ఉంది. గుడ్డ కత్తెర నీడ ఖాళీగా ఉంది. అమ్మాయి గది తలుపు వేసి ఉంది, లోపలి నుంచి కరకరా కాగితం కోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.